నాష్‌విల్‌కు రేడియో దారి

అట్లాంటాలో మా అమ్మాయి దగ్గరకు వచ్చి నెల దాటింది. ఎక్కడికైనా వెళ్దామా అని అడిగితే అల్లుడు నయాగరా, ఓర్లాండో, న్యూయార్క్ అని మూడు పేర్లు వరసగా చదివాడు. తెనాలి నుంచి వచ్చిన అత్తమామలకు చూపించవలసినవి ఇవేనని అక్కడి మనవాళ్ల లెక్క. నేను నాష్‌విల్ అన్నాను.

“అక్కడ ఏముంది మామయ్యగారూ?”

“ఒక రేడియో స్టేషన్.”

అతను మా అమ్మాయి వైపు చూశాడు. అది నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాకు కారణం ఉంది. ఎల్ఐసీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్ఎం స్టేషన్‌ను 1925 అక్టోబరు 5న మొదలుపెట్టింది ఒక బీమా కంపెనీ. ఆ మూడు అక్షరాలూ ‘వుయ్ షీల్డ్ మిలియన్స్’ అన్న ఆ కంపెనీ నినాదంలోవే. మన మాటల్లో చెప్పాలంటే ‘లక్షలాది మందికి మేమే రక్ష’. వారం వారం చిల్లర ప్రీమియం వసూలు చేసుకునే ఏజెంట్లు పల్లెల్లో తలుపు తట్టి, శనివారం రాత్రి పాటల కార్యక్రమం మాదేనండి అని చెప్పుకునేవారట. ఏజెంటుకు అన్నిటికంటే కష్టం మొదటిసారి గడప దాటడం. పాలసీ గురించి మాట్లాడటం ఆ తర్వాతి పని. ఆ గడప దాటించే పనిని ఫిడేలుకు అప్పగించారని చదివినప్పుడు, మాకు ఈ ఊహ ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

బయలుదేరే ముందే ఒక చిక్కు వచ్చింది. అల్లుడిది కరెంటు కారు. అందులో ఏఎం బ్యాండు, అంటే మన మీడియం వేవ్, లేదు. ఆ మోటారు పుట్టించే విద్యుదయస్కాంత గోల మీడియం వేవ్‌ను పాడుచేస్తుందని కొన్ని కంపెనీలు ఏఎంను తీసేశాయి. “ఫోనులో ఆ స్టేషన్ ఆప్ ఉంది కదా, గరగర లేకుండా వస్తుంది” అన్నాడు. గరగర లేని మీడియం వేవ్ ఉప్పు లేని ఆవకాయ అని అతనికి చెప్పి లాభం లేదు. చివరికి పెట్రోలు కారు అద్దెకు తీసుకున్నాం. అద్దె సంస్థ పేరు రాయను గానీ, చెప్పిన ధర ఒకటి, కౌంటరు దగ్గర చేతిలో పెట్టిన కాగితంలోది ఇంకొకటి. బీమా వద్దని ఇద్దరం మూడుసార్లు చెప్పినా అందులో బీమా చేరింది. ఎవరికి అమ్ముతున్నాడో పాపం ఆ కుర్రాడికి తెలియదు. తీయించాను.

శుక్రవారం సాయంత్రం కదిలాం. సుమారు 250 మైళ్లు, నాలుగు గంటల దారి. చట్టనూగా దాటాక కాలమానం మారి గడియారం గంట వెనక్కి వెళ్తుంది. మా ఆవిడ ఈ గంటను లాభం కింద జమకట్టింది. ఆ ఊరి దగ్గర డబ్ల్యూఎస్ఎం వచ్చే 650 కిలోహెర్ట్జ్ పెడితే ఇసుక జల్లెడ పట్టినట్టు చప్పుడు, దాని అడుగున ఎక్కడో ఒక మగ గొంతు. మాంటీగిల్ కొండ ఎక్కేసరికి పొద్దు వాలింది. గొంతు పైకి తేలింది, మళ్లీ మునిగింది, మళ్లీ తేలింది. వంతెన కిందికి వెళ్తే ఆగిపోయేది, హైటెన్షన్ తీగల కింద బుర్రుమనేది. పగలు మీడియం వేవ్ నేలను పట్టుకుని పాకుతుంది. చీకటి పడ్డాక పై వాతావరణంలో ఆ తరంగాలను మింగే పొర పలచబడి, అంతకు పైనున్న పొర వాటిని అద్దంలా తిప్పి కొడుతుంది. అందుకే ఈ 50 కిలోవాట్ల స్టేషన్ రాత్రిపూట చాలా రాష్ట్రాల్లో వినిపిస్తుంది. నేలమీద వచ్చిందీ ఆకాశం నుంచి దిగిందీ కలిసినచోట ఇలా తేలడం, మునగడం తప్పదు.

ఆ తేలుతున్న గొంతు పాడుతున్నది ఏమిటో నాకు సగమే అర్థమైంది. ఎవరో ఎవరినో వదిలి వెళ్లారని మాత్రం తెలిసింది. పెడల్ స్టీల్ గిటారు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంటే వెనక సీట్లో కునుకు తీస్తున్న మా ఆవిడ కళ్లు తెరవకుండానే “వీణా?” అంది. అల్లుడు పాటను కొంచెం పెంచాడు. ఆ పెంచడం నా మాట మీద కాదు, గమనించాను.

దిగిన హోటల్ విమానాశ్రయం దగ్గరిది. ఊరి నడిబొడ్డున ఉంటే కారు నిలుపుకోవడానికే రాత్రికి గది అద్దెలో మూడో వంతు పోయేలా ఉంది, అందుకని. పడకలు శుభ్రం, పొద్దున్న ఫలహారం ఉచితం. మాకు మాత్రం పొగవాసన గది ఇచ్చారు. మార్చమంటే గంట పట్టింది, అడ్వాన్సు తిరిగి రావడానికి పది రోజులు పట్టింది. గదిలో ఇంకో ఇబ్బంది: ఏసీ, టీవీ, ఛార్జర్లు కలిసి నా చేతి రేడియోను తేనెతుట్టె చేశాయి. కిటికీ దగ్గర పెట్టి తిరగలిలా మెల్లగా తిప్పుతూ వచ్చాను. ఒక మూలకు తిరిగేసరికి పాట స్పష్టంగా నిలబడింది. మీడియం వేవ్ ఏంటెనా పెట్టె లోపలి కడ్డీ కాబట్టి పెట్టెనే తిప్పాలి. మా నాన్నగారు విజయవాడ కేంద్రం భక్తిరంజని కోసం ఇలాగే బల్లమీద రేడియోను తిప్పేవారు. సరైన దిక్కు దొరికాక కింద చాక్‌పీస్‌తో గీత గీసేవారు, మేం తుడిచేస్తే కేకలేసేవారు.

శనివారం పొద్దున్న కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఫిడేలు, గిటారుతో సాగే అమెరికా పల్లెపాటల మ్యూజియం. కిటికీలు పియానో మెట్లలా కనిపించే భవనం, గుండ్రటి భాగం మీద డబ్ల్యూఎస్ఎం టవరును పోలిన చిన్న టవరు. మూడు గంటలు కేటాయించండి. వెండి డాలర్లు తాపడం చేసిన గాయకుడు వెబ్ పియర్స్ కారు దగ్గర జనం ఎక్కువ, నాకు అది పెళ్లివారి ఆర్భాటంలా అనిపించింది. నన్ను నిలబెట్టింది డిఫోర్డ్ బెయిలీ కథ. నల్లజాతివాడు, హార్మోనికా మీద రైలును నడిపించినవాడు. 1927లో ఎన్‌బీసీ అనే రేడియో సంస్థ వారి శాస్త్రీయ సంగీత కార్యక్రమం ముగియగానే డబ్ల్యూఎస్ఎం ప్రకటనకర్త జార్జ్ హే, ఇప్పటిదాకా గ్రాండ్ ఓపెరా విన్నారు, ఇక గ్రాండ్ ఓల్ ఓప్రీ వినండి అని హాస్యమాడిన ఘట్టంలో రైలుపాట వాయించింది ఇతనే. ఆ పేరే, కుదించి ఓప్రీ అని, ఏజెంట్లు చెప్పుకున్న ఆ శనివారం పాటల కార్యక్రమానికి స్థిరపడిపోయింది. 1941లో ఇతన్ని తీసేశారు. తర్వాత బూట్లు పాలిష్ చేసుకుని బతికాడు. 1982లో పోయాడు, 2005లో ఈ హాలులో చోటిచ్చారు. పాలసీదారు పోయాక నామినీకి చెక్కు ఇచ్చినట్టుంది.

అక్కడి నుంచి రైమన్ ఆడిటోరియానికి నడిచే వెళ్లవచ్చు. టామ్ రైమన్ అనే పడవల యజమాని ఒక మతబోధకుడి ప్రసంగం విని మనసు మారి కట్టించాడు, 1892లో పూర్తయింది. 1943 నుంచి 1974 దాకా ఓప్రీ ఇక్కడే సాగింది. ఇప్పటికీ చర్చి బల్లలే. ఆ రోజుల్లో ఏసీ లేదు, తెరవెనక సరైన గదులు లేవు. పగటి సందర్శన టికెట్ చాలు. ఖాళీ హాల్లో చివరి బల్ల మీద పది నిమిషాలు కూర్చుంటే డబ్బు గిట్టినట్టే. 1949 జూన్ 11న కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ మొదటిసారి ఓప్రీలో పాడింది ఈ వేదిక మీదే. ఒకే పాటను మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. మూడేళ్లు తిరగ్గానే ఓప్రీ నుంచి పంపేశారు. 1953 కొత్త సంవత్సరం రోజుకు మనిషే లేడు.

బ్రాడ్‌వే వీధి గురించి ఎక్కువ రాయను. మేడమీద మేడ, ప్రతి మేడకూ ఒక బ్యాండు, కిందికి నాలుగు పాటలు ఒకేసారి దిగుతాయి. మినహాయింపు రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్. పాత పాటలే పాడతారు, పక్కవాళ్ల మాటా వినిపిస్తుంది. ఈ వీధిలో బ్యాండ్లు బతికేది బకెట్టులో వేసే చిల్లర మీద, నోట్లు దగ్గర పెట్టుకోండి. తిండి విషయంలో శాకాహారులకు ఒక హెచ్చరిక: ‘మీట్ అండ్ త్రీ’ హోటళ్లలో మాంసం మానేసి మూడు కూరలూ తీసుకోవచ్చు గానీ, ఆకుకూర కదా అని నమ్మకండి. చాలాచోట్ల పంది మాంసం వేసి ఉడికిస్తారు. మా ఆవిడ అడిగి బతికిపోయింది, మొక్కజొన్న రొట్టెతో సరిపెట్టుకుంది. వారి హాట్ చికెన్ కారం మన గుంటూరు వాళ్లకు కన్నీళ్లు తెప్పించదు, ముక్కు మాత్రం కార్పిస్తుంది.

రాత్రి ఓప్రీ హౌస్. ఊరి బయట ఉంటుంది, 4,400 సీట్లు. టికెట్లు ముందే తీసుకోండి. కొన్ని చలికాలాల్లో కార్యక్రమం రైమన్‌కు వెళ్తుంది కాబట్టి చిరునామా చూసుకోండి. పక్కనే ఉన్న గేలార్డ్ ఓప్రీల్యాండ్ హోటల్లో బస చేయకపోయినా అద్దాల కప్పు కింది తోటల్లో తిరగవచ్చు, పార్కింగుకు విడిగా కట్టాలి. ఓప్రీ వేదిక మధ్యలో రంగు తేడాగా ఆరడుగుల చెక్క చక్రం కనిపిస్తుంది. రైమన్ నుంచి వచ్చేటప్పుడు అక్కడి వేదికలోంచి కోసి తెచ్చి ఇక్కడ పొదిగారు. 2010 మే వరదల్లో వేదిక మునిగింది, చక్రాన్ని బాగుచేసి మళ్లీ అక్కడే పెట్టారు. గాయకులు దాని మీదికి అడుగు పెట్టేముందు ఒక్క క్షణం కిందికి చూసుకుంటారు. కచేరీకి ముందు మనవాళ్లు వేదికను తాకి కళ్లకద్దుకున్నట్టు.

వేదిక పక్కన చిన్న బల్ల దగ్గర ప్రకటనకర్త నిలబడి, పాటకూ పాటకూ మధ్య వ్యాపార ప్రకటనలు కాగితం చూసి చదివాడు. అల్లుడికి మొదట చిరాకేసింది, ఇంత డబ్బు పెట్టి ప్రకటనలు వినాలా అన్నాడు. నేను ఆ మనిషినే చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా వేలమంది ఉంటే అతను వారితో మాట్లాడటం లేదు. గొంతు పెంచలేదు. ఎక్కడో వంటింట్లో గిన్నెలు తోముకుంటున్న ఒక్క మనిషితో, లేకపోతే లారీ తోలుకుంటూ పోతున్న ఒక్కడితో మాట్లాడుతున్నాడు. మేం ఊరికే చుట్టూ చేరిన ఇరుగుపొరుగు. ఈ కార్యక్రమం మొదలైన 1925 నవంబరు 28న డెబ్బై ఏడేళ్ల జిమ్మీ థాంప్సన్ ఫిడేలు పట్టుకుని ఒక్క మైకు ముందు కూర్చున్నప్పుడూ ఇంతే అయి ఉంటుంది. మొన్న 2025తో నూరేళ్లు నిండాయి. ఆ కార్యక్రమాన్ని పుట్టించిన బీమా కంపెనీ ఇప్పుడు లేదు.

ఆదివారం తిరుగు ప్రయాణానికి ముందు, దారి కాకపోయినా, బ్రెంట్‌వుడ్ వైపు వెళ్లి టవరు చూశాం. దీనికి టికెట్ లేదు, కాఫీ లేదు, కూర్చోవడానికి బల్ల కూడా లేదు. కంచె బయటి నుంచే చూడాలి. 1932లో నిలబెట్టారు, ఇప్పుడు 808 అడుగుల ఎత్తు. నడుము దగ్గర లావు, పైకీ కిందికీ సన్నం, రెండు గాలిపటాల తోకలు వదిలేసి నడుము కలిపినట్టు ఉంటుంది. మొత్తం బరువు కింద పింగాణీ దిమ్మ మీద ఆనుతుంది, పడకుండా నడుముకు తీగలు కట్టారు. కారు తలుపు తీసి 650 పెట్టాను. ఎదురుగా ఉన్న ఇనుములోంచే వస్తున్న పాట కారులో గరగర లేకుండా వినిపించింది. ఈ రెండు రోజుల్లో చూసినవాటిలో దేనికి ఎక్కువ మార్కులు వేస్తారని అల్లుడు అడిగితే దీనికే అన్నాను, రెండోది మాంటీగిల్ కొండ. అతను ఓప్రీ అన్నాడు. మా ఆవిడ మొక్కజొన్న రొట్టె అంది.

అట్లాంటా చేరిన రాత్రి పదింటికి వరండాలో కూర్చుని చేతి రేడియో ముల్లు 650 దగ్గరకు తెచ్చాను. ఏదో ఉంది, గొంతో, గాలో తెలియలేదు. పెట్టెను అటూ ఇటూ తిప్పాను. అమ్మాయి తలుపు తీసుకుని వచ్చి, ఏమీ అడగకుండా, వరండాలోని ఎల్ఈడీ దీపం ఆర్పింది. గరగర సగానికి సగం తగ్గింది. “ఎవరు నాన్నా పాడేది?” అంటూ పక్కన కూర్చుంది.