స్టార్స్ అండ్ టాప్‌సాయిల్: కాక్టో ట్విన్స్ ఎనిమిదేళ్ల ప్రయాణం పద్దెనిమిది పాటల్లో

స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో 1979లో మొదలైన సంగీత బృందం కాక్టో ట్విన్స్ పాటల్లో సాహిత్యం కోసం చెవి రిక్కించేవారికి తొలుత నిరాశే ఎదురవుతుంది. ఎలిజబెత్ ఫ్రేజర్ పాడేది ఇంగ్లిషేనా అన్న అనుమానం కలుగుతుంది. చాలాచోట్ల ఆమె మాటను అర్థం కోసం కాక నాదం కోసం ఏరుకుంటుంది. రాగాలాపనకు అలవాటుపడిన చెవికి అదేమంత లోటుగా తోచదు.

రికార్డుల సంస్థ ఫోర్ ఏడీ 2000లో విడుదల చేసిన 'స్టార్స్ అండ్ టాప్‌సాయిల్' అనే ఈ సంకలనంలో 1982 నుంచి 1990 వరకు వచ్చిన 18 పాటలు కాలక్రమంలో ఉన్నాయి. గిటారిస్టు రాబిన్ గత్రీ స్వయంగా వాటిని రీమాస్టర్ చేశారు, అంటే పాత రికార్డింగుల ధ్వనికి మళ్లీ మెరుగులు దిద్దారు. తొలి పాట 'బ్లైండ్ డమ్ డెఫ్'లో బరువైన బేస్ గిటార్, డ్రమ్ మెషిన్ మోతల నడుమ బిగుసుకుపోయినట్టు వినిపించిన గొంతు, 'క్యారొలిన్స్ ఫింగర్స్'కు వచ్చేసరికి మెరిసే గిటార్ తరగల మీద అలవోకగా తారస్థాయిని అందుకుంటుంది. ఆ పరిణామాన్ని ఒకే విడతలో వినగలగడమే ఈ సంకలనం వల్ల దక్కే అసలు లాభం.

అయితే 1986 నాటి 'విక్టోరియాలాండ్'కు ఇక్కడ అన్యాయం జరిగింది. డ్రమ్ముల మోత దాదాపు లేకుండా, మంచు కురిసినంత నెమ్మదిగా సాగే ఆల్బమ్ అది. దానిని తెరిచే 'లేజీ కామ్'లో గిటార్, శాక్సోఫోన్ చాలాసేపు వాతావరణాన్ని పరిచాక గానీ ఫ్రేజర్ గొంతు విప్పదు. సంకలనంలో దాని వెనువెంటనే ఆ ఆల్బమ్‌లోని చివరి పాట 'ద థిన్నర్ ది ఎయిర్' వచ్చేస్తుంది. నడుమ ఉండవలసిన ఏడు పాటలూ లేకపోవడంతో, ఊరు దాటిన మరుక్షణమే గమ్యం వచ్చేసినట్టుంటుంది. పైగా ఆ నిశ్శబ్దం ఇంకా చెవిలో ఉండగానే 'ఆరెంజ్ యాపుల్డ్' దరువుతో వచ్చి మీద పడుతుంది.

బృందం సంస్థ మారాక, 1993, 1996లలో వచ్చిన ఆల్బమ్‌ల పాటలు ఇందులో లేవు. కాబట్టి దీనిని సమగ్రమని అనుకోరాదు. 'హెవెన్ ఆర్ లాస్ వేగస్' వంటి నిండైన పాట తరువాత, ఒక సింగిల్‌కు (విడిగా విడుదల చేసిన పాటకు) జతగా వచ్చిన 'వాచ్‌లార్'ను ముగింపుగా ఎందుకు ఎంచుకున్నారో నాకు బోధపడలేదు. నేను మాత్రం పదిహేడో పాట దగ్గరే ఆపేస్తాను.