గ్వాటెమాలా మెడికల్ మిషన్ ట్రిప్: డబ్బు కట్టి వెళ్లొచ్చిన నర్సుగా నా మాట

మా డల్లాస్ తెలుగు క్రైస్తవ సంఘంలో మొన్న ఆదివారం కూడా ఇద్దరు చెల్లెళ్లు ఆపి అడిగారు. "అక్కా, ఆ మిషన్ ట్రిప్పుకి వెళ్లొచ్చా? అంత డబ్బు పెట్టడం దండగ కాదా?" అని. ఆరాధన అయ్యాక కాఫీ కప్పు పట్టుకుని చెప్పేంత చిన్న జవాబు కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను ఒంగోలు పిల్లని, పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాకి వెళ్లి, కొద్ది రోజులు పేదవాళ్లకి క్లినిక్ నడిపి, సువార్త కూడా చెప్పి వచ్చే ట్రిప్పు ఇది. ట్రిప్పు నడిపిన సంస్థ పేరు రాయను. మంచీ చెడూ రెండూ చెబుతాను కాబట్టి ఆ పేరు అవసరం లేదు.

ముందు డబ్బు సంగతి. మనిషికి 1,600 డాలర్లు, విమానం టికెట్ వేరే. ఆ 1,600లో బస, మూడు పూటల తిండి, బస్సు, దుబాసీలు, ప్రయాణ బీమా వచ్చాయి. మందుల కోసం మరో 200 డాలర్లు కానుకగా ఇమ్మన్నారు. ఎనిమిది రోజుల ట్రిప్పు అన్నారు గానీ రానూపోనూ రెండు రోజులు, మందులు సర్దడానికి ఒకటి, ఆదివారం ఒకటి పోతే క్లినిక్ నడిచింది నాలుగు రోజులే. ఈ లెక్క ఫారం నింపేటప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పాలి.

మా తెలుగు సంఘం నుంచి ఆరుగురం, ఒక అమెరికన్ చర్చి నుంచి పదహారు మంది. ఇద్దరు డాక్టర్లు, ఒక పళ్ల డాక్టరు, నలుగురు నర్సులం. మిగతావాళ్లు పిల్లలకి వీబీఎస్, అంటే ఆటపాటలతో బైబిల్ బడి, నడపడానికి, ప్రార్థన చేయడానికి, మూటలు మోయడానికి వచ్చారు. డల్లాస్ నుంచి గ్వాటెమాలా సిటీకి విమానంలో మూడున్నర గంటలు. అక్కడి నుంచి బస్సులో కొండదారిన నాలుగు గంటలు పోతే అతిత్లాన్ సరస్సు, దాని ఒడ్డున సాన్ లూకాస్ తోలిమాన్. సరస్సు చుట్టూ మూడు అగ్నిపర్వతాలు. ఆ ఊరు సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైనే ఉంటుంది. మొదటి రోజు మెట్లెక్కితే ఆయాసం వచ్చింది, రాత్రి స్వెటరు లేకుండా ఉండలేకపోయాం. బస శుభ్రంగా ఉంది. పొద్దున పూట వేడినీళ్లు వచ్చేవి. తిండి విషయంలో ఒక్క మాట కూడా అనలేను. నల్ల చిక్కుడు గింజల కూర, గుడ్లు, మొక్కజొన్న తోర్తియాలు. వంట చేసే ఆవిడ రెండు అరచేతుల మధ్య పిండి ముద్దని టపటపా కొడుతుంటే మా నాయనమ్మ జొన్నరొట్టె చేసే చప్పుడే వినపడింది. నేను తీసుకెళ్లిన ఆవకాయ సీసా రెండో రోజుకే ఖాళీ అయిపోయింది, సగం ఆవిడే తిన్నది.

ఇక క్లినిక్. అక్కడివాళ్లు కక్చికెల్ అనే మాయా భాష మాట్లాడతారు. ముసలివాళ్లకి, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకి స్పానిష్ అంతంతమాత్రం. నేను ఇంగ్లీషులో అడిగితే ఒక అబ్బాయి స్పానిష్‌లోకి, అక్కడి ఆరోగ్య కార్యకర్త కక్చికెల్‌లోకి మార్చి చెప్పేవాళ్లు. జవాబు మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. "నొప్పి ఎప్పటి నుంచి?" అన్న ఒక్క ప్రశ్నకి రెండు నిమిషాలు పట్టేది. ట్రిప్పుకి ముందు ఒక గంట జూమ్ మీటింగ్ పెట్టారు. అందులో మన విశ్వాసం గురించి సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పారు, పది స్పానిష్ మాటలు నేర్పలేదు. అయినా ఒక్క మాట నాకు దుబాసీ లేకుండానే అర్థమైంది. అక్కడ మధుమేహాన్ని జనం "అసూకార్" అంటారు, అంటే పంచదార. మనం షుగర్ అన్నట్టే. ఒక పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని "అసూకార్" అనగానే నా చెయ్యి గ్లూకోమీటర్ మీదికి పోయింది.

వచ్చినవాళ్ల బాధలు ఏమిటంటే కడుపులో మంట, తలనొప్పి, పొయ్యి పొగకి మండే కళ్లు, ఆగని దగ్గు. ఎక్కువమందికి మెడ నొప్పి. కట్టెల మోపు వీపున వేసుకుని, దాని పట్టీని నుదుటికి తగిలించుకుని కొండ ఎక్కుతారు. ఆ మెడకి నేనిచ్చే ఇబుప్రోఫెన్ ఎన్నాళ్లు పనిచేస్తుంది? పిల్లలు వయసుకి తగ్గ ఎత్తు లేరు. ఏడేళ్లని చెప్పిన పాపని నేను నాలుగేళ్లనుకున్నాను. ఆ దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు సగం మంది ఇలా గిడసబారిపోయినవాళ్లేనని చదివే వెళ్లాను. చదవడం వేరు, ఆ పాప మణికట్టు పట్టుకోవడం వేరు.

నాలుగు రోజుల్లో నాకు తేటగా తెలిసింది ఇది. ఒక్కసారితో అయిపోయే పని మా చేత బాగా జరిగింది. నెల నెలా చూడాల్సిన పని మా చేత కాలేదు. పళ్ల డాక్టరు గారు పుచ్చిపోయిన పన్ను పీకేశారంటే ఆ నొప్పి పోయినట్టే. పిల్లలకి నులిపురుగుల మందు, అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి నమిలిస్తే ఆ పూటకి పని అయినట్టే. అన్నిటికంటే బాగా పనిచేసినవి చత్వారం కళ్లద్దాలు. ఒక్కోటి ఒక డాలరు. యాభై ఏళ్ల ఆవిడ ఒకామె నడుముకి కట్టుకునే మగ్గం మీద నేస్తుంది. ఒక కొస స్తంభానికి, ఇంకో కొస తన నడుముకి బిగించి కూర్చుంటారు. మూడేళ్లుగా పోగులు లెక్క తప్పుతున్నాయని పని మానేసిందట. +2.00 అద్దాలు పెట్టాను. తను వేసుకున్న రవిక అంచుని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, వేలితో ఒక్కొక్క పువ్వూ తడిమి చూసుకుంది. మాట్లాడలేదు. చీరాలలో మా పెదనాన్న చత్వారం వచ్చాక మగ్గం దిగిపోయిన రోజు గుర్తొచ్చి నాకు కన్నీళ్లు ఆగలేదు. పోతూ పోతూ "మాత్యోష్" అంది. కక్చికెల్‌లో కృతజ్ఞతలని అర్థం.

బీపీ విషయం అలా కాదు. ఒకామెకి 190/110 ఉంది. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములవి ముప్పై బిళ్లలు ఇమ్మని డాక్టరు రాశారు. ఇచ్చాను. కవరు మీద సూర్యుడి బొమ్మ వేసి, పక్కన ఒక బిళ్ల గీశాను, చదువు రాదు కాబట్టి. ముప్పై ఒకటో రోజు ఏం చేయాలో ఆ కవరు మీద ఏ బొమ్మతో చెప్పను? అప్పుడు ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త తన నోటుబుక్కు తీసింది. ఎర్ర అట్ట, గీతల కాయితం. అందులో ఆ రోగి పేరు, బీపీ, ఇచ్చిన మందు రాసుకుంది. అడిగితే అంతా నోటితోనే చెప్పింది. ఆ రోగి భర్త కాఫీ తోటలో కూలి, ఇల్లు వాగు దాటాక, ఉప్పు ఎక్కువ తింటుంది, పోయిన ఏడాది కూడా ఇలాగే ఒక జట్టు వచ్చి నెల మందులిచ్చి పోయింది. పోయిన ఏడాది కూడా! ఆ మాట విన్నాక ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

మందుల పెట్టెల గురించి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం ప్రకారం దానంగా ఇచ్చే మందులకి అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. మేం సర్దిన రోజు నా చేతికొచ్చిన విటమిన్ సీసాలు కొన్ని మూడు నెలల్లో అయిపోయేవి. పక్కన పెట్టేయమన్నాను. "లేనివాళ్లకి అదైనా మేలే కదా" అన్నారొకరు. మన పిల్లలకి మనం వేయని మందు వాళ్ల పిల్లలకి ఎలా వేస్తాం? ఆ పెట్టె వెనక్కి తెచ్చాం. ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడ్డందుకు నాకు సంతోషం.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టిన సంగతి. మొదటి రోజు ఏర్పాటు ఇలా ఉంది: డాక్టరు, తర్వాత ప్రార్థన బల్ల, ఆ తర్వాతే మందుల బల్ల. ప్రార్థన బల్ల దగ్గర సువార్త విని, చీటీ మీద ముద్ర వేయించుకుంటే గానీ మందు లేదు. తెల్లవారుజామున ఐదింటికి నడవడం మొదలుపెట్టి వచ్చినవాళ్లు వాళ్లు. మెడలో జపమాల ఉన్న ముసలామె ఒకతె, కతోలికురాలు, నా బల్ల దగ్గరికి నేరుగా వచ్చి ఏదో అడిగింది. కార్యకర్త తల దించుకుని స్పానిష్‌లో చెప్పింది, ఆ అబ్బాయి ఇంగ్లీషులో చెప్పాడు. "నేను ఆ బల్ల దగ్గరికి పోకపోతే నాకు బిళ్లలివ్వరా?"

నేను విశ్వాసిని. సువార్త చెప్పడం తప్పని ఈ జన్మలో అనను. నా కుటుంబమే సువార్త వల్ల నిలబడింది. ఆ మాట మాత్రం నన్ను సూదిలా గుచ్చింది. చీటీ లేకుండానే ఆమెకి మందిచ్చేశాను.

ఆ రాత్రి మా జట్టు పెద్ద పాస్టర్ గారితో కూర్చుని మా అమ్మమ్మ చెప్పిన కథ చెప్పాను. మా అమ్మమ్మది మద్దిపాడు వైపు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకుని, వేలమందికి పనిపెట్టి కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నారు. కరువు పని నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. కూటి కోసం కలిశారనే మాట ఎవరి మీదా పడకూడదని. కరువు తీరాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. "పాస్టర్ గారూ, ఆయన మీ దేశం నుంచి మా ఊరొచ్చిన మనిషే. అన్నం వేరు, బాప్తిస్మం వేరు అని ఆయన ఆగారు కాబట్టే నూట యాభై ఏళ్ల తర్వాత కూడా మేం తలెత్తుకుని చెప్పుకుంటున్నాం" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మంచి మనిషి, వినే మనిషి. మూడో రోజు పొద్దున ప్రార్థన బల్లని మందుల బల్ల దాటాక, వాకిలి పక్కన వేప లాంటి ఒక చెట్టు నీడలో వేయించారు. చీటీలు తీసేశారు. రోజంతా వచ్చినవాళ్లలో సగం మందే అక్కడికి వెళ్లారు. వెళ్లినవాళ్లు మాత్రం కూర్చున్నారు, ఏడ్చారు, తమ పిల్లల పేర్లు చెప్పి ప్రార్థించమన్నారు. ఆ జపమాల ముసలామె మూడో రోజు మళ్లీ వచ్చి, తనంతట తాను ఆ చెట్టు కింద కూర్చుంది.

ఇంకొకటి, "ఇంతమంది రక్షణ పొందారు" అని రాసే లెక్క. యేసుని నమ్ముతామని చెయ్యెత్తినవాళ్లందరినీ లెక్కేశారు. ఒకామె మంగళవారం ఎత్తింది, బుధవారం ఎత్తింది. అడిగితే తను ఇరవై ఏళ్లుగా ఎవాంజెలికల్ చర్చి సభ్యురాలే. అతిథులు అడిగితే ఎత్తకపోతే బాగుండదని ఎత్తిందట. ఆ ఊళ్లో అప్పటికే చర్చిలున్నాయి, సాయంత్రమైతే మైకుల్లో పాటలు, అచ్చం మన ఊళ్లలాగే. ఆ దేశానికి సువార్త మాతో రాలేదు. 1917లో స్పానిష్ బైబిళ్లు అమ్ముతూ వచ్చిన కామెరాన్ టౌన్సెండ్, ఈ జనానికి ఆ భాష సరిగా రాదని తెలుసుకుని, కక్చికెల్ నేర్చుకుని, ఏళ్ల తరబడి వాళ్ల మధ్యే ఉండి కొత్త నిబంధనని అనువదించాడు. మేం పంచిన కరపత్రాలు స్పానిష్‌లో ఉన్నాయి.

పిల్లల ఫోటోల విషయం కూడా సరిచేసుకోవాలి. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న భయం అక్కడి తల్లుల్లో బాగా ఉంది. తల్లిని అడగకుండా ఫోన్ ఎత్తకూడదు. మా జట్టులో కుర్రవాళ్లు ఎత్తారు, ఒక తండ్రి కోపగించుకున్నాడు, న్యాయమే.

మా ఆయన వెళ్లేముందే అడిగారు. "ఆ 1,600 ఆ క్లినిక్‌కే పంపేస్తే ఎక్కువ పని జరగదా?" అని. తిరిగొచ్చాక నిజం చెప్పాను, మందుల మట్టుకు జరుగుతుంది. అయితే ఆ ఎర్ర నోటుబుక్కు సంగతి నాకు వెళ్లకుండా తెలిసేది కాదు. నన్ను మా అమ్మ కన్నది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ డాక్టరు, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. నలభై ఏడేళ్లు. మేం ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులకి వెళ్లేవాళ్లు అక్కడ ఏడాదంతా ఉండే మనిషి చేతికింద పనిచేయాలి. మా ట్రిప్పులో ఆ కార్యకర్తని దుబాసీగా వాడుకున్నారు. ఆమె క్లినిక్ పెద్ద కావాలి, మేం ఆమెకి సహాయకులం కావాలి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఏర్పాట్లకి, భద్రతకి, చెబితే విని మార్చుకున్నందుకు ఆ మార్కులు. తగ్గించింది ఆ మొదటి రెండు రోజుల బల్లకి, నెల మందులకి.

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నారు. నేను రెండు అడిగాను. నోటుబుక్కులో ఉన్న బీపీ, షుగర్ వాళ్లకి ఏడాదంతా మందులు అక్కడే కొనేలా డబ్బు ముందే కట్టాలని ఒకటి. ప్రార్థన బల్ల చెట్టు కిందే ఉండాలని రెండోది. రెండోదానికి వెంటనే సరే అన్నారు. మొదటిదానికి మా సంఘంలో నెలకి పది డాలర్ల చొప్పున ఇచ్చేవాళ్లు ఇప్పటికి పదకొండు మంది కుదిరారు. పోయిన వారం ఆ కార్యకర్త వాట్సాప్‌లో ఫోటో పంపింది, నోటుబుక్కు పేజీ. ఆ 190/110 ఆమె పేరు ఎదురుగా కొత్త అంకె: 148/92.

కళ్లద్దాలు సర్దే పని నాకే ఇచ్చారు. +1.50 నుంచి +3.00 దాకా కావాలి. ఇవ్వాలనుకున్నవాళ్లు దయచేసి కొత్తవి ఇవ్వండి, మీరు వాడి పక్కన పడేసినవి వద్దు. +2.00వి ఎక్కువ తెండి, నేసేవాళ్లు చాలామంది ఉన్నారు.