చర్మ క్యాన్సర్‌కి లైటు వైద్యం: కొన్నేళ్లు చేయించుకున్నాక నా మాట

ఫోటోడైనమిక్ థెరపీ (పీడీటీ), అంటే చర్మానికి క్రీము రాసి దాని మీద వెలుగు వేసి చేసే వైద్యం గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పేది కోత లేదు, కుట్లు లేవు, మచ్చ పడదు అని. మూడూ నిజమే. నొప్పి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘కాస్త మంటగా ఉండొచ్చు’ అని దాటేస్తారు. నేను ఈ వైద్యం కొన్నేళ్లుగా ఒంటి మీద రకరకాల చోట్ల చేయించుకుంటున్నాను, అవసరమైతే ఇకముందూ చేయించుకుంటాను. అయినా ఆ మంట సంగతి ముందే సరిగ్గా చెప్పలేదన్న కోపం నాకింకా చల్లారలేదు. అందుకే ఇది రాయడం.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే నా అనుభవం మీకు పనికొస్తుందో లేదో దాన్ని బట్టే ఉంటుంది. మెలనోమా (రంగు కణాల్లో పుట్టే ప్రమాదకరమైన రకం) కాని చర్మ క్యాన్సర్లు మనవాళ్లలో తక్కువ, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కాపాడుతుంది. నాకది లేదు. పుట్టుకతోనే ఆల్బినిజం, అంటే ఒంట్లో ఆ రంగు సరిగ్గా తయారుకాదు. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో నన్ను దొరబాబు అని పిలిచేవాళ్లు, కొత్తవాళ్లయితే బొల్లి అనుకుని కాస్త దూరంగా కూర్చునేవాళ్లు. బడికి వెళ్లేటప్పుడు మా అమ్మ గొడుగు పట్టేది, నెత్తికి తువ్వాలు చుట్టేది. సెలవుల్లో మిరప కల్లాల్లో ఆడిన ఆటలకి, కాలవ గట్టున తిరిగిన తిరుగుళ్లకి గొడుగు ఎవరు పడతారు? ఆ ఎండంతా అప్పులా పేరుకుని, ఉద్యోగానికి ఇంగ్లండ్ వచ్చాక, ముప్పై దాటాక, ఎండే సరిగ్గా లేని దేశంలో వసూలుకొచ్చింది. నుదుటి మీద గరుకు గరుకుగా ఆక్టినిక్ కెరటోసిస్ మచ్చలు (ఎండ వల్ల వచ్చేవి, ముందుముందు క్యాన్సర్‌గా మారొచ్చు), కాలి మీద బోవెన్స్ డిసీజ్ (చర్మం పైపొరలోనే ఉండే తొలిదశ క్యాన్సర్), కణత దగ్గర పైపైన పాకే రకం బేసల్ సెల్ కార్సినోమా (చర్మ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకం). చూశారుగా, పేరుకి దొరబాబునైనందుకు దొరల జబ్బులన్నీ వచ్చాయి.

మొదటిసారి చేయించుకుంది కాలికి, మోకాలి కింద ఎముక మీద. అక్కడ చర్మం పలచన, కోస్తే సరిగ్గా మానదు, కుట్లు లాగుతాయి, అందుకని డాక్టరే పీడీటీ అన్నారు. పైనున్న పక్కు మెల్లగా గీకి, మిథైల్ అమినోలెవులినేట్ క్రీము రాసి, వెలుగు తగలకుండా పట్టీ కట్టి మూడు గంటలు కూర్చోబెట్టారు. ఆ క్రీము దానంతటది ఏ కణాన్నీ చంపదట. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారయ్యే దారిలో మధ్యన ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థం వస్తుంది, ఈ క్రీము వల్ల అది జబ్బు కణాల్లో పోగుపడుతుంది. దాని మీద 630 నానోమీటర్ల దగ్గరుండే ఎర్ర వెలుగు పడగానే అక్కడి ఆక్సిజన్ రెచ్చిపోయి ఆ కణాన్ని లోపల్నుంచే చంపేస్తుంది. పట్టీ విప్పాక నర్సు గది చీకటి చేసి నీలి రంగు లాంపు పెట్టి చూపించింది, మచ్చ ఉన్నంత మేర ఇటుక రంగులో మెరిసింది, పక్కన మామూలుగా కంటికి ఏమీ కనిపించని చోట కూడా ఒక చుక్క మెరిసింది. అది చూసినప్పుడు మాత్రం ఈ వైద్యం మీద నాకు నిజంగా మోజు పుట్టింది.

లైటు కింద కాలు చురచురలాడింది, ఎనిమిది తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. వారం తర్వాత ఇంకోసారి. పక్కు కట్టి, రాలిపోయి, కొన్నాళ్లకి అక్కడేదో ఉండేదన్న గుర్తు కూడా పోయింది. ఇక అప్పట్నుంచి కనపడినవాళ్లందరికీ నేనే దీని ప్రచారకర్తని. మా ఆవిడ ‘నీకేమన్నా కమీషన్ ఇస్తున్నారా’ అని అడిగింది కూడా.

తర్వాత నుదురు, నెత్తి ముందు భాగం, కుడి కణత అన్నీ కలిపి ఒకేసారి చేద్దామన్నారు. అక్కడ మచ్చలు ఒకటీ రెండూ కాదు, ఒకదాంట్లోంచి ఒకటి కలిసిపోయి ఉన్నాయి. నేను కాలి అనుభవంతో ధీమాగా వెళ్లాను. అవే మూడు గంటలు, అదే క్రీము, అదే లాంపు. నర్సు నల్ల కళ్లజోడు పెట్టి బటన్ నొక్కింది. మొదట వెచ్చగా, బాగానే అనిపించింది. ఒక అర నిమిషం గడిచిందో లేదో, ఎండుమిర్చి నూరిన చేత్తో పచ్చిపుండు తడిమినట్టు మొదలైంది, అది తగ్గడం లేదు, పెరుగుతోంది, నుదుటి మీద మొదలైన మంట కంటి వెనక్కి, పళ్లలోకి దిగుతోంది. నాకు నొప్పి ఓర్చుకునే అలవాటు ఉంది, చిన్నప్పుడు ఎండకి వీపంతా బొబ్బలెక్కి బోర్లా పడుకున్న రాత్రులు చాలా ఉన్నాయి. ఇది దాని లెక్కలోది కాదు. దానికి తోడు నా కళ్లకి వెలుగు అసలే పడదు, కళ్లజోడు అంచుల్లోంచి, మూసిన రెప్పల్లోంచి కూడా ఆ ఎరుపు లోపలికి వస్తూనే ఉంది.

నర్సు మంచి మనిషి. ఫ్యాను దగ్గరికి జరిపింది, నీళ్లు స్ప్రే చేసింది, చెయ్యి పట్టుకుంది. ఎంత సమయం మిగిలిందో చెప్పమంటే చెప్పింది, చెప్పాక ఎందుకు అడిగానా అనిపించింది. ఆపమన్నాను. ఆపింది. ఇక్కడే అసలు చిక్కు. లైటు ఆపగానే మంట చాలావరకు ఇట్టే దిగిపోతుంది. అంటే మళ్లీ వేయమని నోటితో మనమే చెప్పాలి. ఆ మాట చెప్పడానికి నాకు పట్టిన సమయం, లైటు కింద ఉన్న సమయం కంటే ఎక్కువేమో. మధ్యమధ్య ఆపుతూ ఎలాగో పూర్తి చేశాం. ఇంటికొచ్చేసరికి మొహం ఉబ్బిపోయి కళ్లు సగమే తెరుచుకున్నాయి. రెండు రోజులు కిటికీ పరదాలు వేసుకుని ఇంట్లోనే ఉన్నాను, ఆ తర్వాత వారమంతా పక్కులు రాలుతూ, ఆఫీసు వీడియో కాల్స్‌లో కెమెరా ఆపేసి.

మంట ఉందని కాదు నా కోపం. ముఖం మీద, నెత్తి మీద, అదీ పెద్ద ప్రాంతంలో చేస్తే నొప్పి ఎక్కువుంటుందని వాళ్లకి బాగా తెలుసు. కాలి మీద చిన్న మచ్చకీ నుదురు మొత్తానికీ పోలికే లేదని ముందురోజు ఒక్క మాట చెబితే సరిపోయేది. అంతకంటే పెద్ద విషయం, కనుబొమ్మల పైన నరాలకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నుదురంతా మొద్దుబార్చే పద్ధతి ఉందని నాకు తెలిసింది చాలా తర్వాత, వేరే ఆసుపత్రిలో వేరే డాక్టరు ద్వారా. మామూలుగా పూసే మత్తు క్రీములు దీనికి పెద్దగా పనిచేయవు, పారాసిటమాల్ వేసుకుంటే వేసుకున్నట్టు తెలియాలంతే. ఆ నరాల ఇంజెక్షన్ మాత్రం పనిచేస్తుంది. తర్వాతిసారి అది ఇచ్చి చేశారు, నుదుటి మీద లైటు ఉందో లేదో కూడా తెలియలేదు. కణత దగ్గర మాత్రం మంట అలాగే ఉంది, ఎందుకంటే అక్కడికి వచ్చే నరం వేరు. అయినా సగం తగ్గితే చాలనిపించింది.

ఇప్పుడు నాకు నచ్చిన సంగతి. ఆక్టినిక్ కెరటోసిస్‌కి లాంపు లేకుండా మామూలు పగటి వెలుగుతోనే చేసే పద్ధతి ఉంది. డెన్మార్క్‌వాళ్లు మొదలుపెట్టారు. వెలుగుతో చర్మ క్షయకి వైద్యం చేసి 1903లో నోబెల్ తెచ్చుకున్న నీల్స్ ఫిన్సెన్ పనిచేసింది కూడా అక్కడే, కోపెన్‌హాగన్‌లో. ఆ ఊళ్లో వెలుగు మీద ఈ పట్టు ఎప్పట్నుంచో ఉన్నట్టుంది. ముందు సన్‌స్క్రీన్ రాసుకోవాలి, అది చర్మంలోకి ఇంకాక గరుకుగా ఉన్న చోట గీకి, అదే క్రీము పలచగా రాసి, అరగంటలోపు బయటికెళ్లి రెండు గంటలు ఉండాలి. తర్వాత కడిగేసుకుని ఆ రోజుకి ఇంట్లో ఉండిపోవాలి. అంతే. ప్రోటోపోర్ఫిరిన్ పోగయ్యేదాకా ఆగి ఒక్కసారిగా పేల్చడం కాకుండా, తయారవుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది కాబట్టి మంట పెద్దగా ఉండదు. ఆస్ట్రేలియాలో లాంపునీ పగటి వెలుగునీ ఒకే మనుషుల మీద పోల్చి చూస్తే పదికి నొప్పి లాంపుతో 5.7, పగటి వెలుగుతో 0.8 వచ్చింది, మచ్చలు పోవడంలో తేడా కొంచెమే. ఈ అంకెలు 2014 నుంచీ అచ్చులో ఉన్నాయి. నా నుదుటి మీద లాంపు పెట్టేముందు ఎవరో ఒకరు చదివి ఉండాల్సింది.

అమ్మకి వీడియో కాల్‌లో చెబితే నమ్మలేదు. ‘ఎండలో కూర్చోమన్నారా? నిన్నా? వాళ్లకేమన్నా మతి పోయిందా నాయనా’ అంది. నిజమే, పుట్టినప్పట్నుంచీ ఎండలోకి వెళ్లొద్దని విన్న మనిషిని డాక్టరు చీటీ రాసి మరీ బయట కూర్చోమంటే ఎలా ఉంటుంది? నేను కూర్చుంది ఎండలో కాదు, మబ్బు పట్టిన రోజున పెరట్లో. మబ్బున్నా సరిపోతుంది, కావాల్సింది వెలుగే. వాన పడకూడదు, బయట పది డిగ్రీల కంటే చల్లగా ఉండకూడదు. ఇంగ్లండ్‌లో ఈ రెండూ కుదిరే రోజు కోసం కాచుకుని కూర్చోవడం పెళ్లి ముహూర్తం కంటే కష్టం, చలికాలమంతా అసలు కుదరనే కుదరదు. ఇంకో సంగతి, నేను రోజూ రాసుకునే జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ దీనికి పనికిరాదు, అది కావాల్సిన వెలుగుని కూడా ఆపేస్తుంది. అల్ట్రావయొలెట్‌ని మాత్రమే ఆపే కెమికల్ రకం వాడాలి. ఆల్బినిజం ఉన్నవాళ్లం ఎక్కువగా జింక్ రకమే వాడతాం కాబట్టి ఇది అడిగి మరీ తెలుసుకోండి. ఆ రెండు గంటలూ చల్లటి టీ తాగుతూ పాత క్రికెట్ మ్యాచ్ కామెంటరీ విన్నాను. చిటపటలు తప్ప ఏమీ లేదు. నుదురు ఇప్పటికీ బాగుంది, మధ్యలో కొత్తవి వస్తుంటాయి, అది పీడీటీ తప్పు కాదు, నా చర్మం అంతే.

కాకపోతే కణత దగ్గర బేసల్ సెల్ సంగతి వేరు. దానికి పగటి వెలుగు పద్ధతి సరిపోదు, లాంపే కావాలి, వారం తేడాతో రెండుసార్లు. చేశారు, పైన చర్మం నున్నగా, అందంగా మానింది, డాక్టరుగారు ఫోటోలు కూడా తీసుకున్నారు. ఏడాది దాటాక అక్కడే ముత్యంలా చిన్న మెరుపు. బయాప్సీలో తిరిగొచ్చిందని తేలింది, పైకి కనిపించినదానికంటే లోపల ఎక్కువుంది. చివరికి మోస్ సర్జరీ చేసి, పొర తర్వాత పొర మైక్రోస్కోప్‌లో చూస్తూ తీసేశారు. చెవి ముందు ఇప్పుడు సన్నటి గీత ఉంది. దాని వల్ల నాకేం బాధ లేదు, లోపల ఏమీ మిగల్లేదన్న నమ్మకమే ముఖ్యం. ఈ వైద్యం బాగా పనిచేసేది చర్మంలో దాదాపు రెండు మిల్లీమీటర్ల లోతు వరకే, అందుకే మందమైన వాటికి, లోతుకి పాకే రకాలకి దీన్ని వాడరు. పలచని వాటిలో కూడా నెదర్లాండ్స్‌లో చేసిన పెద్ద పరీక్షలో ఐదేళ్ల తర్వాత కణితి తిరిగి రాకుండా ఉన్నవాళ్లు పీడీటీలో 62.7 శాతం, ఇంట్లోనే రాసుకునే ఇమిక్విమోడ్ క్రీముతో 80.5 శాతం. కాలి మచ్చ పోయినప్పుడు నేను అందరికీ చెప్పిన గొప్పలన్నీ బోవెన్స్‌కి, కెరటోసిస్‌కి మాత్రమే అనుకోండి.

మీరేం చేయాలో నేను చెప్పలేను. నాకు మచ్చలు ఎక్కువ, ప్రతిదాన్నీ కోస్తూ పోతే మొహమే మిగలదు, కాబట్టి నాకు ఇది కావాలి. మీకు ఒక్కటే ఉంటే, అదీ ముఖం మీద బేసల్ సెల్ అయితే, కోసి తీసేయడం గురించి ముందు అడగండి. లాంపు వైద్యమే అయితే నుదుటికి నరాల మత్తు ఇస్తారా అని అపాయింట్‌మెంట్ రోజు కాదు, అంతకుముందే అడగండి. నాకు రాసిన క్రీములో వేరుశనగ నూనె ఉంటుంది, పల్లీలు పడనివాళ్లు అదీ చెప్పాలి. ఊళ్లో ఆల్బినిజం ఉన్న పిల్లలెవరైనా మీకు తెలిస్తే, మానకుండా పక్కు కట్టి రాలుతూ ఉండే పుండు ఏదైనా ఉంటే చర్మ డాక్టరుకి చూపించమని చెప్పండి, అలర్జీ అని ఆయింట్‌మెంట్లు రాస్తూ కూర్చోవద్దు.

ప్రస్తుతం నా ఛాతీ మీద ఇంకో బేసల్ సెల్ ఉంది, పలచనిదే. ఈసారి పీడీటీ వద్దన్నాను. ఇమిక్విమోడ్ ఇచ్చారు, వారంలో ఐదు రోజులు చొప్పున ఆరు వారాలు రాయాలి. దాని మంట వేరే రకం, ఎర్రగా పుండై కారుతోంది, కానీ చొక్కా కింద ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. అది పూర్తయ్యాక దాని గురించీ రాస్తాను.