ఆల్బమ్ పనికి కొత్త సిస్టమ్: నాలుగు నెలలు వాడాక

మాది నెల్లూరు. ఇంట్లోనే కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. కావలి, గూడూరు, ఆత్మకూరు స్టూడియోల వాళ్లు హార్డ్‌డిస్క్‌లు తెచ్చి ఇస్తారు. ఫొటోలు సరిచేసి, షీట్లు కట్టి, ప్రింటింగ్ ల్యాబ్‌కి పంపడం నా పని. ముహూర్తాలు లేనప్పుడు ఫ్లెక్సీలు, శుభలేఖలు. పదేళ్లు ఒకే కంప్యూటర్‌తో నెట్టుకొచ్చాను. 2015లో కొన్న ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్.

అది ఎంత సతాయించేదంటే, పోయిన జులైలో రొట్టెల పండగ ఫ్లెక్సీ ఒకటి సేవ్ కొట్టి, వంటింట్లోకి వెళ్లి పప్పు తాలింపు పెట్టుకుని వచ్చినా గీత ఇంకా సగంలోనే ఉంది. అయినా నడుస్తోంది కదా అని ఓర్చుకున్నాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే తీసుకుంటుంది. ఇక కొనక తప్పలేదు.

పినాకిని ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్తే నాలుగైదు వేలు మిగులుతుందని అందరూ చెప్పారు. నిజమే కావచ్చు. కానీ ఏదైనా పాడైతే వారంటీ కోసం మళ్లీ ఆ రైలే ఎక్కాలి. సీజన్‌లో ఒక రోజు పోతే నాకు అంతకంటే ఎక్కువే నష్టం. అందుకని ఊళ్లోనే ఒక షాపులో అసెంబుల్ చేయించాను.

షాపులో అబ్బాయి మర్యాదస్తుడే. కానీ గ్రాఫిక్స్ అనగానే గేమింగ్ అనుకున్నాడు. రంగురంగుల లైట్లు వెలిగే క్యాబినెట్ చూపించాడు. వంపు తిరిగిన మానిటర్ చూపించి, "అక్కా, 165 హెర్ట్జ్ ఇది, సూపర్‌గా ఉంటుంది" అన్నాడు. "తమ్ముడూ, నేను పబ్జీ ఆడను. పీటల మీద కూర్చున్నవాళ్ల మొహాలు తెల్లగా చేస్తాను, అంతే" అన్నాను. నవ్వాడు గానీ మళ్లీ లైట్ల దగ్గరికే వచ్చాడు.

నా పట్టుదల మానిటర్ మీద. దానికో కారణం ఉంది. అంతకుముందు ఏడాది కావలి పెళ్లి ఒకటి చేశాను. అమ్మాయిది ముదురు మెరూన్ వెంకటగిరి చీర. నా స్క్రీన్ మీద చక్కగానే ఉంది. ప్రింటు వచ్చేసరికి వంకాయ రంగు. పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి, "ఏమ్మా, మా పాప చీర మార్చేశావే" అంది. రీప్రింట్ ఖర్చు 9 వేలు నా నెత్తిన పడింది. తప్పు ల్యాబ్‌ది కాదు. నా పాత మానిటర్ టీఎన్ ప్యానెల్‌ది, తల కాస్త పైకెత్తితే ఒక రంగు, కిందికి దించితే ఇంకో రంగు. పదేళ్లు అందులోకి చూసే రంగులు దిద్దాను!

అందుకే ఈసారి మానిటర్ ముందు ఎంచుకుని, మిగిలిన డబ్బుతో సీపీయూ కట్టించాను. బెన్‌క్యూ పీడీ2705క్యూ తీసుకున్నాను. 27 అంగుళాలు, ఐపీఎస్ ప్యానెల్, 2560 బై 1440, ఎస్‌ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్లు, ఫొటోలు వాడే రంగుల ప్రమాణం) రంగులు నూరు శాతం చూపిస్తుంది. ల్యాబ్ వాళ్లు అడిగేది ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్గే కాబట్టి నాకు అంతకు మించి అక్కర్లేదు. పక్క నుంచి చూసినా రంగు మారదు. మా ఆయన పక్కన కూర్చుని "ఈ ఫొటో పచ్చగా ఉంది" అంటే ఇప్పుడు నాకూ పచ్చగానే కనిపిస్తుంది. ఇదివరకు ఇద్దరం దీనికే గొడవపడేవాళ్లం.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎంత మంచి మానిటరైనా బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి పని చేస్తే ప్రింటు చీకటిగానే వస్తుంది. ల్యాబ్ నుంచి వచ్చిన పాత షీటు ఒకటి పక్కన పెట్టుకుని, అదే ఫైలు తెరిచి, రెండూ ఒకేలా కనిపించేదాకా తగ్గించుకుంటూ వచ్చాను. మా గదిలో 34 దగ్గర సరిపోయింది. స్క్రీన్ రంగులు కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ కొనే స్తోమత లేనివాళ్లకు ఇదో దారి.

ఇక ర్యామ్. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 10,800 బై 3,600 పిక్సెల్స్. షీటు నిండా పరిచిన ఒక్క లేయరే దాదాపు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండు, పూలు, నీడలు, ఐదారు ఫొటోలు, పైన హిస్టరీ. 8 జీబీ ఎక్కడ చాలుతుంది? చాలనప్పుడు ఫొటోషాప్ ర్యామ్ బదులు డిస్క్‌ని వాడుకుంటుంది. పాతదాంట్లో అది మామూలు హార్డ్‌డిస్క్, అందుకే ఆ నత్తనడక. ఇప్పుడు 32 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ కంటే ఎన్నో రెట్లు వేగమైన 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. తాలింపు కాదు కదా, మంచినీళ్లు తాగే టైమ్ కూడా ఇవ్వడం లేదు. ర్యామ్ ధర మాత్రం నేను అక్టోబర్‌లో అడిగినదానికి నవంబర్‌లో కొనేటప్పటికి దాదాపు రెట్టింపైంది. ఆ నెల రోజులు ఊరికే నాన్చాను.

ప్రాసెసర్ ఐ5 12400, గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ. వీడియో ఎడిటింగ్ ఎక్కువగా చేసేవాళ్లకు కార్డు చిన్నదవుతుంది. నాకు చాలు. సీపీయూ 68 వేలు, మానిటర్ 31 వేలు, యూపీఎస్ 6 వేలు, మొత్తం 1,05,000 అయింది.

షాపు మీద నా ఫిర్యాదు ఇప్పుడు. ఇంటికి తెచ్చి బిగించి వెళ్లారు, అంతా బాగుందనుకున్నాను. వారం తర్వాత ఏదో వెతుకుతూ ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ తెరిస్తే, గ్రాఫిక్స్ ప్రాసెసర్ అన్నచోట ఎన్‌విడియా లేదు, ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ 730 అని ఉంది. వెనక్కి వంగి చూస్తే మానిటర్ కేబుల్ కార్డుకి పెట్టకుండా మదర్‌బోర్డుకి పెట్టారు! వారం రోజులు నా కార్డు ఊరికే కూర్చుని జీతం తీసుకుంది. అనుమానం వచ్చి టాస్క్ మేనేజర్‌లో మెమరీ కూడా చూశాను. రెండు 16 జీబీ స్టిక్కులు అడిగితే 32ది ఒక్కటే గుచ్చారు. రెండు పెడితే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో వేగంగా నడుస్తుందని బిల్లు రాసేటప్పుడే చెప్పాను. ఫోన్ చేస్తే, "అదీ 32నే కదక్కా" అన్నాడు. మూడుసార్లు తిరిగాక మార్చారు. వారంటీ కార్డులన్నీ సీరియల్ నంబర్లతో సరిగ్గా ఇచ్చారు, అది కూడా చెప్పాలి.

శుభలేఖలు చేసేవాళ్లు ఇంకోటి చూసుకోండి. మన పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉంటాయి, అవి ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ కావు. ఫాంట్లు ఎక్కించకుండా తెరిస్తే 'శ్రీరస్తు' బదులు ఏవో గుర్తులు వస్తాయి. నేను పాత సిస్టమ్ అమ్మకముందే ఫాంట్లన్నీ కాపీ చేసుకుని, ఓ పాత శుభలేఖ ఫైలు తెరిచి, ఒత్తులన్నీ వాటి చోటే ఉన్నాయా అని చూసుకున్నాకే దాన్ని వదిలించుకున్నాను.

నేను వేసుకున్న లెక్కలో తప్పిందల్లా 1 టీబీ. ఒక్కో పెళ్లి కెమెరా రా ఫైళ్లతో కలిపి వంద జీబీ దాటుతోంది, డిస్క్ నిండిపోతోందని అప్పుడే ఎర్ర గీత చూపిస్తోంది. వైశాఖం ముహూర్తాలు మొదలయ్యేలోపు 4 టీబీ హార్డ్‌డిస్క్ ఒకటి తీసుకోవాలి. అదే షాపులో అడిగాను. ఈసారి కేబుల్ నేనే పెట్టుకుంటానని ముందే చెప్పాను.