నల్ల తెర మీద కొన్నేళ్ల చదువు

ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 రెండూ 2019లోనే వచ్చాయి. ఫోను మొత్తాన్నీ ఒక్క మీటతో నల్లగా మార్చుకునే వీలు వాటితోనే ఎక్కువ మందికి అందింది. నేనూ అప్పటి నుంచే డార్క్ మోడ్ వాడుతున్నాను. నా చదువు, రాత చాలావరకు తెర మీదే సాగుతాయి కాబట్టి దాని మంచిచెడులు బాగానే తెలిసివచ్చాయి. ముందే చెప్పేస్తాను: రాత్రిపూట దీన్ని వదులుకోను. పగలు మాత్రం వాడటం ఎప్పుడో మానేశాను.

రాత్రి సంగతి పెద్దగా వివరించనక్కర్లేదు. గదిలో దీపం ఆర్పేశాక తెల్లని పేజీ తెరిస్తే, బ్రైట్‌నెస్ ఎంత తగ్గించినా కళ్లు చిట్లించాల్సిందే. నేపథ్యం నల్లబడితే తెర నుంచి వచ్చే వెలుగు చాలావరకు తగ్గిపోతుంది. పక్కన పడుకున్నవాళ్లు విసుక్కోరు. చదవడం ఆపి మంచినీళ్ల కోసం లేచినా, కాసేపు ఏమీ కనిపించక తడుముకునే అవస్థ ఉండదు.

పగటి వెలుగులో లెక్క తిరగబడుతుంది. తెల్లని పేజీని చూసేటప్పుడు కంటిపాప చిన్నదవుతుంది. సన్నని రంధ్రం గుండా వెలుతురు లోపలికి పోతుంది కాబట్టి అక్షరం అంచు పదునుగా కనిపిస్తుంది. నల్లని పేజీకి కంటిపాప విచ్చుకుంటుంది, దాంతో కంటిలోని చిన్నచిన్న దృష్టిలోపాలన్నీ బయటపడతాయి. వెలుతురున్న చోట లేత నేపథ్యం మీది నల్లని అక్షరాలనే మనుషులు మెరుగ్గా చదువుతారని, ముఖ్యంగా అక్షరాలు చిన్నవైనప్పుడు ఈ తేడా పెరుగుతుందని పరిశోధనలూ చెబుతున్నాయి. నాకు కొద్దిగా సిలిండర్ పవర్ ఉంది, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం (అస్టిగ్మాటిజం). కళ్లద్దాలు తీసి నల్ల తెర మీద తెల్లని వాక్యం చూస్తే ప్రతి అక్షరానికీ పక్కన పలుచని నీడ మొలుస్తుంది. అదే వాక్యం తెల్లని పేజీ మీద నల్లగా ఉంటే, మసకగానైనా ఒకటిగానే కనిపిస్తుంది. సిలిండర్ పవర్ ఉన్న చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. పైగా కిటికీ ఎదురుగా కూర్చుంటే నల్ల తెరలో వ్యాసం కన్నా నా మొహమే బాగా కనిపిస్తుంది, అదేమంత చదవదగ్గ విషయం కాదు.

తెలుగు చదివేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిష్ అక్షరాలు ఎక్కువగా నిలువు గీతలు, ఖాళీలు. మనవి గుండ్రాలు, వాటి కింద ఒత్తులు. చీకట్లో వెలిగే గీత ఉన్నదానికన్నా కాస్త లావుగా కంటికి ఆనుతుంది. అందుకని గుండ్రాల మధ్య ఖాళీ పూడుకుపోతుంది. ‘థ’ పొట్టలోని చుక్క, ‘ధ’ కింది గీత మాయమై రెండూ ‘ద’లాగే కనిపిస్తాయి. ‘రాష్ట్రం’ వంటి మాటలో ‘ష’ కింద ట-వత్తు, ర-వత్తు కలిసిపోయి ఒకే ముద్దవుతాయి. వార్త చదివేటప్పుడు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుని ముందుకు పోతాం. అచ్చుతప్పులు దిద్దే పనైతే అలా కుదరదు. నేను ప్రూఫులు చూసేది ఎప్పుడూ తెల్ల పేజీ మీదే.

దీనికి విరుగుడుగా చాలామంది అక్షరాలను బోల్డ్ చేస్తారు. దాంతో ఆ పూడిక ఇంకా పెరుగుతుంది. నాకు పనిచేసింది వేరు: ఫాంట్ సైజు రెండు మెట్లు పెంచడం, వరుసల మధ్య ఎడం పెంచడం, లావు మాత్రం మామూలుగానే ఉంచడం. దానికన్నా ముఖ్యమైనది నేపథ్యం రంగు. పూర్తి నలుపు మీద పూర్తి తెలుపు పెడితే కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు నిష్పత్తి, 21:1. అంతకు మించి సాధ్యం కాదు. మామూలు సైజు అక్షరాలకు వెబ్ ప్రమాణాలు అడిగే కనీస కాంట్రాస్ట్ 4.5:1 మాత్రమే. కాబట్టి తగ్గించుకోవడానికి బోలెడు చోటుంది. గూగుల్ తన డిజైన్ సూచనల్లో పూర్తి నలుపుకు బదులు 121212 అనే కోడ్ ఉన్న ముదురు బూడిద రంగును సూచించింది. నా చదివే యాప్‌లో అలాంటి బూడిద రంగు మీద కాస్త మాసిన తెలుపు పెట్టుకున్నాను. అక్షరాల చుట్టూ వచ్చే ఆ మెరుపు సగానికి సగం తగ్గింది.

బ్యాటరీ ఆదా గురించి జరిగినంత ప్రచారం కంటి సుఖం గురించి కూడా జరగలేదేమో. మీది ఎల్‌సీడీ తెర అయితే ఆ మాట మరిచిపోవచ్చు. దాని వెనక దీపం నలుపు చూపించేటప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఓఎల్‌ఈడీలో ఏ చుక్కకా చుక్క వెలుగుతుంది కాబట్టి నలుపు ఉన్నచోట కరెంటు ఖర్చు ఉండదు. అయినా 2021లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి చూస్తే, బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం ఉన్నప్పుడు లైట్ మోడ్‌తో పోలిస్తే సగటున ఆదా అయింది 3 నుంచి 9 శాతమే. పూర్తి బ్రైట్‌నెస్‌లో అది 39 నుంచి 47 శాతం దాకా ఉంది. చీకటి గదిలో పూర్తి బ్రైట్‌నెస్ ఎవరు పెడతారు? బ్యాటరీ కోసం దీన్ని ఎంచుకోనక్కర్లేదు.

చిరాకు పెట్టేవి కొన్ని ఉన్నాయి. స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లు డార్క్ మోడ్‌ను లక్ష్యపెట్టవు. నల్లని జాబితాలోంచి పుస్తకం మీద నొక్కగానే తెల్లని పుట భగ్గుమంటుంది. రంగులు తిరగేసే వీలుంటే అక్షరాల వరకు బాగానే ఉంటుంది, ఫొటోలోని మనుషులు మాత్రం ఫిల్మ్ నెగటివ్‌లోంచి లేచి వచ్చినట్టు ఉంటారు. నల్లని పేజీ నుంచి ఒక పేరా కాపీ చేసి డాక్యుమెంట్‌లో అతికిస్తే ఒక్కోసారి నల్ల పట్టీ కూడా వెంట వస్తుంది. ఫార్మాటింగ్ లేకుండా అతికిస్తే ఆ బాధ తప్పుతుంది.

ఇక కళ్లు పొడిబారడం. డార్క్ మోడ్ పెట్టాక ఇది తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తెర వంక తదేకంగా చూసేటప్పుడు రెప్పలు వేయడం తగ్గుతుంది, పొడిబారడానికి ముఖ్య కారణం అదే. తెర నల్లనైనా తెల్లనైనా రెప్ప మనమే వేయాలి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పే పద్ధతే నాకు దీనికన్నా ఎక్కువ మేలు చేసింది.

ప్రస్తుతం ఫోనులో సూర్యాస్తమయానికి తనంతట తనే నల్లబడి, తెల్లవారగానే మామూలుగా మారేలా పెట్టుకున్నాను. కంప్యూటర్ రోజంతా లైట్ మోడ్‌లోనే ఉంటుంది, బ్రైట్‌నెస్ మాత్రం గది వెలుతురుకు తగ్గట్టు దించుతాను. మీకేది నప్పుతుందో తేల్చుకోవాలంటే సంయుక్తాక్షరాలు దండిగా ఉన్న ఒక పేజీని చిన్న ఫాంట్‌లో తెరవండి. మీరు మామూలుగా చదివే వేళలో, చదివే చోటే కూర్చుని రెండు మోడ్‌లలోనూ కాసేపు చదవండి. ఒత్తు ఏదో తెలియక కళ్లు ఎక్కడ వెనక్కి మళ్లుతున్నాయో చూసుకుంటే చాలు.