డోర్సెట్ తీరంలో అయిదు రోజులు: చలికాలపు పక్షుల కోసం

ఇంగ్లండ్‌లో పక్షులు చూడడానికి జనవరి మంచి నెల అంటే మనవాళ్లు చాలామంది నమ్మరు. సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకే రోజుల్లో, చేతివేళ్లు కొంకర్లు పోయే గాలిలో ఎవరు తిరుగుతారని అడుగుతారు. అయితే సైబీరియా, ఐస్‌లాండ్ నేలలు గడ్డకట్టుకుపోయే ఆ నెలల్లో అక్కడి నీటిపక్షులకు దక్షిణ ఇంగ్లండ్ తీరమే వెచ్చని చోటు. ఇక్కడి బురద మేటలు గడ్డకట్టడం అరుదు కాబట్టి, వాటిలో దాగిన పురుగులూ నత్తలూ చలికాలమంతా వాటికి అందుతూనే ఉంటాయి. కైకలూరు నుంచి మా దగ్గరికి వచ్చిన నాన్నగారు కొల్లేటి పక్షుల మధ్య పెరిగిన మనిషి. డెబ్బై రెండేళ్ల ఆయనతోనూ నా భార్యతోనూ కలిసి, కారు లేకుండా రైళ్లూ బస్సులూ నమ్ముకుని, 2025 జనవరిలో డోర్సెట్ జిల్లా తీరంలో అయిదు రోజులు తిరిగాను. ఏ చోటు పెద్దవాళ్లకు అనువుగా ఉంటుందో, ఎక్కడ బస చేస్తే పొద్దు వృథా కాదో తెలిసిన మేరకు రాస్తున్నాను.

లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి వేమత్ వెళ్లే రైలు దారిలో పూల్, వేర్‌హామ్ రెండూ తగులుతాయి. అందుచేత ఈ యాత్రకు ఒకే రైలు మార్గం సరిపోతుంది. మేము మొదట వేర్‌హామ్‌లో దిగి, అక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆర్న్‌కు టాక్సీలో వెళ్లాము. ఆర్న్ అన్నది పూల్ హార్బర్‌లోకి చొచ్చుకు వచ్చిన ఒక ద్వీపకల్పం. అక్కడి పక్షుల రక్షిత ప్రాంతాన్ని ఆర్.ఎస్.పి.బి. అనే బ్రిటిష్ పక్షి సంరక్షణ సంస్థ చూసుకుంటుంది. ఒకవైపు పాత ఓక్ చెట్ల అడవి, ఒకవైపు నడుము లోతు పొదలు పరుచుకున్న బీడు, వాటికి అవతల ఉప్పునీటి బురద నేలలు, ఇవన్నీ ఒక పూట నడకలోనే చూడవచ్చు.

బీడు మీద మేము వెదికింది డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్టను. పురుగులు తిని బతికే పిట్టలు సాధారణంగా చలికాలంలో దక్షిణానికి వెళ్లిపోతాయి, ఇది మాత్రం వెళ్లదు. ముళ్లపొదల్లోనే ఉండి, దొరికిన సాలెపురుగులతో మార్చి దాకా నెట్టుకొస్తుంది. 1962–63 నాటి భయంకరమైన చలికాలం తరువాత దేశం మొత్తం మీద ఈ జాతిలో పట్టుమని పదిహేను జతలు కూడా మిగల్లేదు. ఆ సంగతి తెలిసి చూస్తే, గడ్డకట్టిన మంచు పట్టిన ముళ్లకొమ్మ చివర, పొడవాటి తోక నిక్కించి, ముదురు ఎరుపు గొంతు పొంగించి నాలుగు క్షణాలు కూర్చున్న ఆ పిట్టను చూడడం మామూలు విషయంగా అనిపించదు. కూంబ్ హీత్ దారి చివర, బురద నేలలకు ఎదురుగా నిలబడితే నల్లతోక గాడ్‌విట్లు, ఆవోసెట్లు అనే పొడవు కాళ్ల నీటిపక్షులు, ఈల వేస్తున్నట్టు కూసే విజియన్ బాతులు కనిపించాయి. వాటికి కాస్త ఎడంగా పది పన్నెండు తెడ్డుమూతి కొంగలు రెక్కల్లో ముక్కు దాచుకుని నిద్రపోతున్నాయి.

నాన్నగారిని కదిలించినవి మాత్రం అవేవీ కావు. బురద గట్టున ఒంటరిగా నిలబడ్డ ఒక చిన్న తెల్లకొంగ వైపు చెయ్యి చూపించి, ‘‘ఒరేయ్, ఇది మన కొల్లేట్లో గేదెల వెంట తిరిగే తెల్లకొంగే కదరా, ఇంత చలిలో ఇదేం చేస్తోంది?’’ అన్నారు. మాకు దగ్గరలో ఉన్న స్వచ్ఛంద కార్యకర్త ఆ కొంగ చరిత్ర చెప్పింది. ఒకప్పుడు ఆడవాళ్ల టోపీల అలంకరణ కోసం కొంగ ఈకలకు ఐరోపాలో విపరీతమైన గిరాకీ ఉండేది. ఆ ఈకల వ్యాపారాన్ని ఎదిరించిన మహిళలే 1889లో ఆర్.ఎస్.పి.బి.కి పునాది వేశారు. చిన్న తెల్లకొంగ ఇంగ్లండ్‌లో గూడు కట్టి పిల్లలను లేపిందని తేలింది 1996లోనే, అదీ ఎదురుగా కనిపిస్తున్న బ్రౌన్సీ దీవిలో. మనకు పొలం గట్టున రోజూ కనబడే పక్షిని ఇక్కడివాళ్లు ఇంత ఆపేక్షగా లెక్కపెట్టుకోవడం చూసి నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆర్న్‌లో టీ, సూప్ దొరికే కేఫ్ ఉంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, కార్యకర్తలు దూరపు పక్షులను ఓపికగా స్కోప్‌లో, అంటే స్టాండు మీది పెద్ద దుర్భిణిలో, చూపిస్తారు. దారులు మాత్రం వాన కురిసినప్పుడు జారతాయి కాబట్టి పెద్దవాళ్లకు చేతికర్ర ఉండాలి. అసలు ఇబ్బంది రవాణాతోనే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి తిరిగి తీసుకువెళతామని ఒప్పుకున్న టాక్సీ రాలేదు, ఫోన్ చేస్తే మరొక బండి పంపడానికి ముప్పావు గంట పట్టింది. చీకట్లో, చలిలో నాన్నగారిని నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ రాత్రి బస చేసిన ఊరి సత్రం చూడడానికి అందంగా ఉన్నా, గదిలో హీటర్ రాత్రి పదింటికి ఆగిపోయి ఉదయం ఏడింటికి గాని వెలగలేదు. ఉదయపు పలహారం ఎనిమిదిన్నరకు ముందు పెట్టలేమన్నారు. తెల్లవారేదే ఎనిమిదింటికి, అస్తమించేదే నాలుగున్నరకు అయిన నెలలో ఆ అరగంట చాలా విలువైనది. అందుచేత బస కుదుర్చుకునే ముందు ఈ రెండు సంగతులూ, అంటే రాత్రి వెచ్చదనం సంగతీ పలహారం వేళా, ఫోన్ చేసి కనుక్కోవాలని గట్టిగా చెబుతాను.

మర్నాడు పూల్ రేవు నుంచి చలికాలంలో నడిచే పక్షుల పడవ ఎక్కాము. బ్రౌన్సీ దీవిలో దిగి తిరగాలంటే చలికాలంలో రోజూ కుదరదు, కొన్ని వారాంతాల్లోనే, అదీ ముందుగా టికెట్ తీసుకున్నవారికే వీలవుతుంది. మా తేదీలు దానికి కలవలేదు. కానీ పడవ పై అంతస్తు నుంచి చూస్తే గోడకు అవతల దీవిలోని ఉప్పునీటి మడుగు కనిపిస్తుంది. కొన్ని చలికాలాల్లో వెయ్యికి పైగా ఆవోసెట్లు ఆ మడుగులో చేరుతాయి. పైకి వంపు తిరిగిన సన్నని ముక్కుతో, నలుపూ తెలుపూ చారలతో ఉండే ఆ పక్షులు ఒక్కసారిగా లేచి తిరిగినప్పుడు గుంపంతా ఒక వైపు తెల్లగా, మరుక్షణం నల్లగా మెరిసింది. పడవలో పక్షులు తెలిసిన మనిషి మైకులో చెబుతూ ఉంటాడు. పైన గాలి కోతకు తట్టుకోలేనివాళ్లు కింద అద్దాల గదిలో కూర్చోవచ్చు. పెట్టిన డబ్బుకు ఈ యాత్ర మొత్తంలో ఎక్కువ పక్షులు చూపించింది ఈ పడవే. అయితే బయలుదేరే వేళ ఒక్కటి చూసుకుంటే చాలదు, పోటు వేళ కూడా చూసుకోవాలి. పూల్ హార్బర్‌లో రోజుకు నాలుగుసార్లు పోటు వచ్చినట్టుంటుంది, ఎందుకంటే ప్రతి పోటూ కాస్త తగ్గి మళ్లీ లేస్తుంది. నీరు ఎక్కువసేపు నిండుగా ఉండడం వల్ల బురద తేలే సమయం తక్కువ. ఆ వేళల్లో పక్షులు మడుగుల్లోకి చేరి విశ్రాంతి తీసుకుంటాయి, నీరు తీయగానే మేత కోసం విడిపోతాయి.

అక్కడి నుంచి వేమత్ చేరి మిగిలిన మూడు రాత్రులూ ఆ ఊళ్లోనే ఉన్నాము. ఈ యాత్రలో నేను తీసుకున్న మంచి నిర్ణయం అదేనని అనుకుంటున్నాను. వేమత్ వేసవి జనం కోసం కట్టిన ఊరు కాబట్టి, సముద్రానికి ఎదురుగా వరసగా ఉన్న గెస్ట్‌హౌసుల్లో సగం చలికాలంలో మూసేస్తారు, తెరిచినవి వేసవి ధరతో పోలిస్తే చాలా తక్కువకు గది ఇస్తారు. మేము దిగిన చోట ఇంటావిడ ముందు రోజు చెబితే ఏడింటికే ఓట్స్ జావ, టోస్టు పెట్టేది. నాన్నగారు శాకాహారి అని తెలిసి మాంసం వండిన పెనం వాడకుండా విడిగా పుట్టగొడుగులూ టమాటాలూ వేయించి ఇచ్చింది. ఫ్లాస్కుల్లో వేడినీళ్లు నింపి ఇవ్వనా అని మేము అడగకముందే తానే అడిగింది. మధ్యాహ్నానికి మా ఆవిడ రాత్రే కలిపి పెట్టిన నిమ్మకాయ పులిహోర ఉండేది.

స్టేషన్ నుంచి నాలుగు అడుగులు వేస్తే ర్యాడిపోల్ సరస్సు వస్తుంది. ఇది ఒకప్పుడు వే నది సముద్రంలో కలిసే చోటు. 1921లో కట్టిన వెస్ట్‌హామ్ వంతెన ఉప్పునీటిని ఆపడంతో క్రమంగా మంచినీటి సరస్సుగా మారి కిక్కిస పెరిగింది. కిక్కిస అన్న మాట ఇక్కడ నేను ఊరికే వాడడం లేదు. కొల్లేట్లో పెరిగేదీ ఇక్కడ పెరిగేదీ దాదాపు ఒకే రకం గడ్డి, దగ్గరి చుట్టాలు. నాన్నగారు ఒక కాడ వంచి కంకి చూసి వెంటనే గుర్తుపట్టారు. మన దగ్గర కిక్కిస పడవకు అడ్డమని, చేపల చెరువుకు అడ్డమని కోసేస్తారు. ఇక్కడ దాన్ని ఏటా వంతులవారీగా కోసి, కొంత పాతది, కొంత లేతది ఉండేట్టు పెంచుతారు, ఎందుకంటే బిట్టర్న్ అనే కొంగ, బియర్డెడ్ టిట్ అనే పిట్ట ఆ గడ్డిని వదిలి బతకలేవు. దారులు చదునుగా, చక్రాల కుర్చీ పోయేంత వెడల్పుగా ఉన్నాయి, కూర్చోవడానికి అక్కడక్కడ బల్లలు ఉన్నాయి. ఊరి మధ్యలో ఉండడం వల్ల వెనక బండ్ల చప్పుడు వినబడుతూనే ఉంటుంది. అది నచ్చనివాళ్లు ఉంటారు, నాకు మాత్రం ఆ చప్పుడు మధ్యనే మార్ష్ హారియర్ గద్ద కిక్కిస మీదుగా తూగుతూ రావడం ఎంతో నచ్చింది. గాలి లేని ఉదయం మాత్రమే బియర్డెడ్ టిట్లు కంకుల పైకి వస్తాయి. మూడు రోజుల్లో ఒక్క ఉదయమే మాకు ఆ అదృష్టం దక్కింది.

వేమత్ నుంచి పోర్ట్‌లాండ్ వెళ్లే బస్సులో పది పదిహేను నిమిషాల్లో ఫెర్రీబ్రిడ్జ్ చేరవచ్చు. మేము వెళ్లినప్పుడు ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒకవైపు టికెట్ 3 పౌండ్లకు మించేది కాదు. దాదాపు 29 కిలోమీటర్ల పొడవున్న చెసిల్ అనే గులకరాళ్ల కట్ట ఇక్కడ సముద్రానికీ ఫ్లీట్ అనే ఉప్పునీటి సరస్సుకూ మధ్య నిలబడి ఉంది. పడమటి కొసన బఠాణీ గింజంత రాళ్లు, పోర్ట్‌లాండ్ వైపు వచ్చేసరికి పిడికిలి అంత అవుతాయి. చీకట్లో ఒడ్డెక్కిన జాలరి కాలి కింది రాయిని బట్టి తానెక్కడ ఉన్నాడో చెప్పగలిగేవాడని అక్కడివాళ్లు అంటారు. నీరు తీసిన వేళ బురదలో సముద్రపు గడ్డి బయటపడగానే సైబీరియా నుంచి వచ్చిన బ్రెంట్ బాతులు మందలుగా దిగుతాయి. మేము బస్సు దిగేసరికి సుమారు రెండు వందలు రోడ్డుకు అంత దగ్గరలో మేస్తున్నాయి, దుర్భిణి అవసరమే లేకపోయింది. వాటి గొణుగుడు, పెళ్లి పందిట్లో పెద్దవాళ్లు తగ్గు గొంతులో మాట్లాడుకుంటున్నట్టు, ఆగకుండా సాగింది. పక్కనే ఉన్న సందర్శకుల కేంద్రంలో కేఫ్ అద్దాల వెనక కూర్చుని కూడా చూడవచ్చు. నడవలేని పెద్దవాళ్లకు ఇంతకంటే సుఖమైన చోటు ఈ తీరంలో నాకు కనబడలేదు.

పోర్ట్‌లాండ్ బిల్ కొన మీద గాలి బలంగా ఉండడంతో అక్కడ గంటకు మించి ఉండలేకపోయాము. అలలు విరిగే నల్లరాళ్ల మీద పర్పుల్ శాండ్‌పైపర్లు, అంటే మన ఉల్లంకి పిట్టలకు చుట్టాలు, నురుగు మీద పడుతున్నా చెదరకుండా మేశాయి. అక్కడి పాత దీపస్తంభంలో 1961 నుంచి పక్షుల పరిశోధన కేంద్రం నడుస్తోంది. స్వయంగా వండుకునేవారికి అందులో తక్కువ ఖర్చుతో బస కూడా ఉంది. ఒంటరిగా, పక్షుల కోసమే వెళ్లేవాళ్లకు అది సరైన చోటే గాని, తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లకు నేను సూచించను. అబట్స్‌బరీ హంసల కొలను పేరు విని వెళదామనుకునేవారు ఆగాలి, అది చలికాలంలో మూసి ఉంటుంది.

అంతకు ముందు డిసెంబరులో నేనొక్కడినే హాంప్‌షైర్‌లోని రింగ్‌వుడ్ దగ్గరున్న బ్లాష్‌ఫర్డ్ సరస్సులు చూశాను. కంకర తవ్విన గుంతలు నీటితో నిండి ఏర్పడిన సరస్సులవి. బోర్న్‌మత్, సాల్స్‌బరీల మధ్య తిరిగే బస్సు వాటికి దగ్గరలోనే ఆగుతుంది. అక్కడ పక్షులకు కనబడకుండా చూడడానికి కట్టిన చెక్క గదుల్లో (హైడ్‌లలో) కూర్చుని పెద్ద తెల్లకొంగనూ గూసాండర్ బాతులనూ చూడవచ్చు. పొద్దువాలే వేళ ఇబ్స్‌లీ వాటర్ మీదికి వేలకొద్దీ సముద్రపు కాకులు (గల్ పక్షులు) రాత్రి నిద్రకు వచ్చి దిగుతాయి. అదొక్కటే చూడడానికయినా ఒక రోజు కేటాయించవచ్చు.

చివరి ఉదయం రైలుకు ఇంకా నలభై నిమిషాలు ఉండగా, పెట్టెలు గెస్ట్‌హౌసులోనే ఉంచి మళ్లీ ర్యాడిపోల్ గట్టుకు వెళ్లాము. వంతెన కింద, చేయి చాపితే అందేంత దగ్గరలో, ఒక చిన్న తెల్లకొంగ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. నల్లని కాలు ఒకటి ముందుకు చాచి, పసుపుపచ్చ వేళ్లతో బురదను వణికిస్తోంది. బురద కదిలి లోపలి చిన్న చేప పైకి రాగానే ముక్కు ఒక్కసారి కిందికి పడింది. నాన్నగారు రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, అది మూడోసారి చేప పట్టేదాకా అక్కడే నిలబడ్డారు.