రొయ్యల గుంటల మీద మెష్: బ్యాట్‌మన్ నుంచి బేబెల్ దాకా

2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, హైవే కూడా తెగినప్పుడు నా రేడియోల పార్శిల్ విజయవాడలోనే ఆగిపోయింది. అది చేతికొచ్చిన వారానికి మైపాడు దగ్గర మా బావ వాళ్ల గుంటల మీద మెష్ (ఒకదాని మాట ఒకటి అందుకుని ముందుకు పంపే వైఫై రేడియోల వల) మొదలుపెట్టాను. అప్పుడు తొమ్మిది నోడ్లు, ఇప్పుడు ఇరవై ఆరు. నోడంటే గట్టు మీద ఇనుప పైపు, దాని నెత్తిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటరు సాఫ్ట్‌వేర్ ఎక్కించిన చిన్న రౌటరు, పక్కన సోలార్ ప్యానెల్, బ్యాటరీ. కెమెరాలు, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ మోటార్ల కరెంటు మీటర్లు, ఆక్సిజన్ సెన్సర్లు అన్నీ దీని మీదే నడవాలి.

పట్టుబడి అయిన ప్రతిసారీ గట్లు సరిచేస్తారు, పైపులు పీకి ఇంకోచోట పాతుతారు. అందుకే చేత్తో రూట్లు రాయడం కుదరదు, దారులు వాటంతట అవే వెతుక్కోవాలి.

ఆ దారులు వెతికే ప్రోటోకాల్స్‌లో మొదట వాడింది బ్యాట్‌మన్ అడ్వాన్స్‌డ్. పేరు విని మా బావ నవ్వాడు గానీ, 2011 నుంచీ లైనక్స్ కెర్నల్లో ఉన్న సరుకది. ప్రతి నోడూ సెకనుకోసారి ‘నేనున్నా’ అని కేకేస్తుంది, విన్నవాళ్లు పక్కవాళ్లకి అందిస్తారు. ఊరి మొత్తం మ్యాపు ఎవరి దగ్గరా ఉండదు, ఫలానా నోడుకి పోవాలంటే ఏ పక్కింటికి ఇవ్వాలో తెలిస్తే చాలు. ఐపీ అడ్రసుల గొడవ కూడా లేదు, మెష్ మొత్తం ఒకటే స్విచ్‌లా కనపడుతుంది. మొదటి ఏడాది హాయిగా గడిచింది. కెమెరాలు పెరిగేకొద్దీ ఆ ‘ఒకటే స్విచ్’ అన్నదే మెడకి చుట్టుకుంది. ఒక కెమెరా బ్రాడ్‌కాస్ట్ చేస్తే, అంటే అందరికీ ఒకేసారి కేకేస్తే, అది చివరి గట్టు దాకా పాకుతుంది, వైఫైలో బ్రాడ్‌కాస్ట్ పోయేదేమో అన్నిటికన్నా తక్కువ స్పీడులో. గాలిలో సగం టైము దానికే సరి. తప్పు ప్రోటోకాల్‌ది కాదు, అంతా ఒకే లేయర్ టూ మీద, అంటే ఒకే స్విచ్ కింద, పరిచిన నాది.

2023 వేసవిలో బేబెల్ అనే ఇంకో ప్రోటోకాల్‌కి మారాను. 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8966 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీని స్టాండర్డు. ఇది పనిచేసేది ఐపీ లెవెల్లో, మాట్లాడేది పక్కవాళ్లతోనే. మామూలు సెట్టింగుల్లో నాలుగు సెకన్లకోసారి హలో, పదహారు సెకన్లకోసారి తనకి తెలిసిన దారుల పట్టీ మొత్తం. నాకు బాగా నచ్చింది లూపుల్ని ఆపే పద్ధతి. ‘ఈ ఊరికి నేను ఇంతవరకూ నలుగురికీ చెప్పిన అతి తక్కువ దూరం కంటే నువ్వు చెప్పేది తక్కువైతేనే నీ మాట నమ్ముతా’ అంటుంది. అట్టాంటి దారి ఒక్కటీ మిగలకపోతే అసలు ఊరినే, అంటే చేరాల్సిన నోడునే, అడిగి కొత్త సీక్వెన్స్ నంబరు (ఇది తాజా కబురని చెప్పే వరస నంబరు) తెప్పించుకుంటుంది. ఇన్నేళ్లలో ప్యాకెట్లు గుండ్రంగా తిరగడం నేను ఒక్కసారీ చూడలేదు.

ఇబ్బంది పెట్టింది సరుగుడు తోపు. ఏడో నోడుకీ పదకొండుకీ మధ్య తోపు అంచు అడ్డం. సాయంత్రం సముద్రపు గాలి లేస్తే కొమ్మలూగి లింకు ఒకసారి బాగుంటుంది, ఒకసారి ఉండదు. పక్క దారి కాస్టు (ఆ దారికి లెక్కేసే దూరం) కూడా దాదాపు అంతే. దాంతో రూటు అటూ ఇటూ గెంతేది, ఆ వైపు కెమెరా బొమ్మ ముక్కలు ముక్కలు. వైర్‌లెస్ లింకుకి మామూలు కాస్టు 256. తోపు లింకుకి 512 రాసి పెట్టాక గెంతడం మానేసింది.

అసలు బాధ వేరే. దారి మళ్లినట్టు బేబెల్ నోరు తెరిచి చెప్పదు. ఉప్పుగాలికి మూడో నోడు కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి, అది చచ్చి మూడు వారాలైనా నాకు తెలీదు. ట్రాఫిక్ అంతా ఐదో నోడు మీద పోతా ఉంది, స్క్రీన్ మీద అంతా బాగానే ఉంది. 2023 డిసెంబరు 4 రాత్రి, మిగ్‌జాం తుపానుకి ఐదో పైపు ఒరిగింది. తూర్పు గుంటలన్నీ తెగిపోయాయి. కాపలా కుర్రాడు ఫోన్ చేశాడు: ‘నా, కరెంటు పోయి ఏరియేటర్లు ఆగి ఇరవై నిమిషాలైంది. నీ మిషను ఏం చెప్పలేదా?’ జనరేటర్ వాడే వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ నెలలోనే ఏరియేటర్ అలారానికి వేరే సిమ్ పెట్టించాను.

ఇంకో రాత్రి నెల్లూరులో ఇంట్లో కూర్చుని పదో నోడు వైఫై చానల్ మార్చాను, కమాండ్ లైన్లో. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టయింది. అవతలి ఎనిమిది నోడ్లు మాయం, బండి మీద మైపాడు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ఆరు గంటల పాటు ఆగినప్పుడూ జరిగింది ఇంచుమించు ఇదే, బాగుచేయడానికి పోవాల్సిన దారి కూడా పడిపోయిన నెట్‌వర్క్ మీదే ఉంది. ఇప్పుడు కెమెరాలన్నీ 5 గిగాహెర్ట్జ్ మీదికి తోసేసి, 2.4ని నోడ్లలోకి లాగిన్ అవడానికి మాత్రమే ఉంచాను. దానికి విడిగా ఇంకో బేబెల్. ఇంతకంటే పెద్ద నెట్‌వర్కుల కోసం, కంట్రోల్‌కే (నెట్‌వర్కుని నడిపించే ఆదేశాలకే) ప్రత్యేకించి జర్మనీలోని కార్ల్స్‌రూహే పరిశోధకులు 2022లో కిరా అని ఒకటి ప్రతిపాదించారు. ఐడీలను బట్టి దారి పట్టే రకం. ఇరవై ఆరు పైపులకి నాకు అంత అవసరం పడలేదు.

బ్యాట్‌మన్‌ని తిట్టను, పదిలోపు నోడ్లకి ఇప్పటికీ అదే పెట్టమంటాను. అంతకు మించితే బేబెల్. ఏది పెట్టినా రోజూ రాత్రి తొమ్మిదికి పక్కవాళ్ల లిస్టు తీసి నిన్నటి దాంతో పోల్చే చిన్న స్క్రిప్టు రాసుకోండి. మొన్న పన్నెండో నోడు లేదని దాన్నుంచే మెసేజ్ వచ్చింది. పోయి చూస్తే ప్యానెల్ నిండా కొంగల రెట్ట, బ్యాటరీ ఖాళీ. గుంట నీళ్లతోనే కడిగి వచ్చాను.